భయం లేనివాడు వేసిన దారి

నాకు అన్నిటికంటే ఎక్కువ భయమేంటంటే, మా ఆయనకు చావంటే భయం పోవడం. బయటివాళ్లు ఈ మాట వింటే ధైర్యవంతుడని మెచ్చుకుంటారు. నేను ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉన్నాను. నాకు నాలుగేళ్ల కూతురు ఉంది, పిహ్లా.

నా పేరు సల్లా, మా ఆయన పేరు యార్నో. పోయిన శరత్తులో, సరస్సు మీద మొదటి మంచు ఇంకా గట్టిపడకముందే వల తీయడానికని దాని మీద నడిచి వెళ్లి, అది విరిగి నీళ్లలో పడ్డాడు. పక్కింటి ఓర్వో నిచ్చెన పరిచి, దాని మీద బోర్లా పాక్కుంటూ వెళ్లి, కాలరు పట్టుకుని బయటికి లాగాడు. అప్పటికే ఊపిరి లేదు. నేను ఒడ్డునే ఉన్నాను. ఆ మొహం రంగు ఎలా ఉందో నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను. హెలికాప్టరు వచ్చి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. చలికి బిగుసుకుపోయిన మనిషిని పోయాడని తొందరగా రాసేయరట డాక్టర్లు, మెల్లగా వెచ్చబెట్టి అప్పుడు చూస్తారట. అలా వెచ్చబెడుతుండగా గుండె మళ్లీ కొట్టుకుంది.

ఇంటికి వచ్చాక ఊరంతా మమ్మల్ని చూడడానికి వచ్చింది. ఫ్రీజరు పట్టనన్ని యాలకుల బన్నులు తెచ్చారు. అదృష్టవంతురాలివి అని ఒకరి తర్వాత ఒకరు నా చెయ్యి నొక్కి చెప్పారు. నేనూ అదే అనుకున్నాను, ఆ శనివారం దాకా.

శనివారం సాయంత్రం సౌనా, అదే మా ఆవిరిస్నానాల గది, వేడి చేసుకున్నాం. మా ఇంట్లో అసలు మాటలు అక్కడే జరుగుతాయి. చెక్క బల్ల మీద పక్కపక్కన కూర్చుని, ఎదురుగా గోడ చూస్తూ మాట్లాడుకోవడం కాబట్టి ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. నేనే అడిగాను.

"నీళ్లలో బాగా చలేసిందా?"

"మొదట వేసింది. తర్వాత లేదు."

"తర్వాత ఏమైంది?"

అతను వేడిరాళ్ల మీద గరిటెడు నీళ్లు పోశాడు. ఆవిరి సుయ్యిమని లేచి మా చెవులు కాల్చి తగ్గాక అన్నాడు.

"ఎవరూ నన్నేమీ అడగలేదు సల్లా. వెలుగుగా ఉంది. ఎండలాంటి వెలుగు కాదది, ఎలా చెప్పాలో తెలీదు. ఎవరో పక్కనే ఉన్నట్టు ఉంది. ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు, ఏ పనీ మిగిలిపోలేదు అనిపించింది."

"మేం గుర్తొచ్చామా?"

"వచ్చారు."

"వస్తే?"

"మీరు బాగానే ఉంటారులే అనిపించింది." ఇంకో గరిటెడు నీళ్లు పోసి, "ఓర్వో లాగాడు చూడు, అప్పుడు వాడి మీద కోపమొచ్చింది. నిజం చెప్తున్నా. నువ్వు కోప్పడకు" అన్నాడు.

నేను కోప్పడలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను, నా ఒంట్లోంచి ఆవిర్లు లేస్తున్నాయి. నేనూ, పిల్లా, ఇల్లూ, చెరో చెయ్యి వేసి కట్టుకున్న ఈ సంసారమూ అన్నీ కలిపినా ఆ వెలుగు ముందు తూగలేదన్నమాట. అక్కడ అతని పక్కన ఉన్నట్టనిపించిన మనిషి మీద అసూయపడదామన్నా అది ఎవరో అతనికే తెలియదు.

ముందు యార్నో ఎలాంటివాడంటే, పిహ్లాకి ద్రాక్షపండు పెట్టాలంటే గొంతుకి అడ్డం పడుతుందేమోనని సగానికి కోసి పెట్టేవాడు. పొయ్యి కింద నిప్పు పూర్తిగా చల్లారిందా లేదా అని నేను చూశాక తనూ చూసేవాడు. ఇప్పుడు కారులో బెల్టు పెట్టుకోడు. తను పనిచేసే రంపం మిల్లులో హెల్మెట్ లేకుండా తిరుగుతున్నాడని మేస్త్రీ రెండుసార్లు చెప్పి, మూడోసారి ఇంటికి పంపించాడు. ఇంటికి వచ్చి ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పాడు. పడవ మోటారు ఎవరో అడిగితే ఇచ్చేశాడు. రేడియోలో పాత వాల్ట్జ్ డాన్సు పాట వస్తే కళ్లు తుడుచుకుంటాడు. నేను అరిస్తే అరవడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇంత మంచిగా ఎప్పుడూ లేడు, నాకు ఇంత ఒంటరిగానూ ఎప్పుడూ లేదు.

మా వైపు మంచు మీదికి వెళ్లేవాళ్లు మెడలో మేకుల జత వేసుకుంటారు. చెక్క పిడికి మేకు దిగ్గొట్టి, రెండిటినీ తాడుతో కలిపి కట్టి ఉంటుంది. నీళ్లలో పడితే వాటిని మంచులో గుచ్చుకుని పైకి లేవాలి. యార్నో జత తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతూనే ఉంటుంది, అతను మాత్రం మెడలో మఫ్లరు తప్ప ఏమీ లేకుండా వెళ్తాడు.

"యార్నో, మేకులు."

"అవసరం లేదులే."

"అవసరమైతే?"

"అయితే అవుతుంది."

పట్నంలో ఇలా చావుదాకా వెళ్లొచ్చినవాళ్లతో మాట్లాడే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. బయట బెంచీ మీద కూర్చుని పిహ్లా చేత బొమ్మలకి రంగులు వేయించాను. అంతా అయ్యాక ఆవిడ నన్ను లోపలికి పిలిచింది. "చాలా ప్రశాంతంగా ఉన్నాడు మీ ఆయన. మీకే నిద్ర పట్టనట్టుంది, మీరు వస్తారా నా దగ్గరికి?" అంది. తిరిగొచ్చేటప్పుడు కారులో యార్నో నవ్వాపుకోలేకపోయాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే చెయ్యి చాచి అతని బెల్టు పెట్టాను.

ఇక మంచు దారి సంగతి.

మాది సరస్సుకి ఇటు ఒడ్డు. కొట్టు, స్కూలు, మా అత్తగారు హిల్కా ఇల్లు అటు ఒడ్డున ఉంటాయి. కారులో చుట్టూ తిరిగి వెళ్లాలంటే కాఫీ చల్లారిపోయేంత దూరం. శీతాకాలంలో మంచు మీద అడ్డంగా వెళ్తే అటు ఒడ్డు ఇళ్ల పొగగొట్టాలు చూస్తూనే చేరిపోవచ్చు. అందుకే ప్రతి ఏడూ ఒక మనిషి మంచు మందం చూసి, పైన్ కొమ్మలు వరసగా గుచ్చి దారి వేస్తాడు. వసంతంలో మంచు చెడితే అతనే ఆ కొమ్మలు పీకేస్తాడు. ఊళ్లో ఎవరూ మంచు వైపు చూడరు, కొమ్మల వైపు చూస్తారు. కొమ్మ నిలబడి ఉంటే వెళ్లొచ్చు. పీకేస్తే ఆ రోజు నుంచి చుట్టూ తిరగాలి. పిల్లలు కూడా స్కీలు వేసుకుని స్కూలుకి ఆ కొమ్మల పక్కనుంచే పోతారు.

ఇన్నేళ్లూ ఆ పని ఓర్వోది. ఈ శీతాకాలం కొట్టులో కాఫీ బల్ల దగ్గర చెప్పేశాడు, "నా తుంటి ఇక ఒప్పుకోవట్లేదయ్యా. ఇంకెవరినన్నా చూసుకోండి."

"ఇంకెవరో ఎందుకు, యార్నో లేడూ," అన్నారు ఒకరు. "మనమంతా మంచుని పైనుంచి చూశాం. వాడు కిందనుంచి చూసొచ్చాడు."

అందరూ నవ్వారు. మా అత్తగారి మొహం వెలిగిపోయింది.

"ఓర్వో బాబాయ్, ఇతనికి ఇవ్వొద్దు," అన్నాను నేను.

"ఏమ్మా, ఎందుకని?"

"ఇతనికి భయం లేదు."

"భయం లేనివాడే కదా కావాల్సింది. నువ్వు వేస్తావా ఏంటి దారి, తెల్లారేదాకా ఒక్కో కొమ్మ దగ్గర కూర్చుని?" అంది కొట్టామె. మళ్లీ నవ్వులు. నేను నర్సు కోర్సు సగంలో మానేసినదాన్ని, కడుపుతో ఉన్నప్పుడు. ఏదన్నా సంగతి గట్టిగా చెప్పాలంటే నాకు ఆ సగం అడ్డం వస్తుంది. ఒకసారి మునిగినవాడు అందరికంటే జాగ్రత్తగా ఉంటాడని వాళ్లకి నమ్మకం. పులిని చూసొచ్చినవాడికి పులంటే భయం ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఇతనికి ఆ పులి ముద్దొచ్చిందని నేను ఏ నోటితో చెప్పను?

"వేస్తానులే," అన్నాడు యార్నో, ఏదో బన్ను అందుకున్నట్టు.

దారి బాగానే వేశాడు. శీతాకాలం గట్టిది, మంచు గోడంత మందం. ఏ తేడా రాలేదు, అందరూ నా వైపు చూసి, చూశావా అన్నట్టు కన్ను కొట్టారు.

ఏప్రిల్ వచ్చింది. పైన మంచుపొడి కరిగి అడుగు మంచు బూడిదరంగుకి తిరిగింది. ఇలాంటి మంచు ఎంత మందంగా ఉన్నా నమ్మడానికి లేదు. నిలువుగా పుల్లలు పుల్లలుగా విడిపోతుంది, కట్ట విప్పిన కట్టెపుల్లల మీద నిలబడినట్టు ఉంటుంది. పొద్దున్న రాత్రి చలికి గట్టిపడి మోసం చేస్తుంది, మధ్యాహ్నానికి వదిలేస్తుంది. ఒడ్డున రెల్లు చుట్టూ నల్లటి నీళ్లు కనిపిస్తున్నాయి. ఓర్వో అయితే ఈపాటికి కొమ్మలు పీకేసి, ఒడ్డున కుప్ప వేసి, తగలబెట్టి సాసేజీలు కాల్చుకునేవాడు.

"కొమ్మలు ఎప్పుడు తీస్తావు?" రోజూ అడిగేదాన్ని.

"ఇంకా మోస్తుంది."

"ఎవరిని మోస్తుంది?"

"అందరినీ. కంగారుపడకు సల్లా."

ఓర్వోని వెళ్లి అడిగాను. గుమ్మంలో నిలబడి సరస్సు వైపు చూసి, తల గోక్కున్నాడు. "నాకూ తియ్యాలనే ఉంది. కానీ ఇప్పుడు అది వాడి పని కదమ్మా. ఒకడి దారి ఇంకొకడు పీకితే ఏం బావుంటుంది." ఆ తర్వాత మెల్లగా అన్నాడు, "వాడు నన్ను చూస్తే పలకరిస్తాడు గానీ, కళ్లలోకి చూడడు. లాగింది తప్పా అనిపిస్తుంది ఒక్కోసారి."

"తప్పు కాదు బాబాయ్," అన్నాను. నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఉతికిన బట్టలు ఆరేయడానికి బయటికి వచ్చాను. పెరట్లో స్లెడ్జి లేదు, మంచు మీద కాలితో నెట్టుకుంటూ పోయే బండి. పిహ్లా ఎర్ర టోపీ కూడా లేదు. తలెత్తేసరికి సరస్సు మీద, కొమ్మల పక్కన, స్లెడ్జి మీద ఎర్ర టోపీ, వెనక నెడుతూ యార్నో. అటు ఒడ్డుకి, మా అత్తగారి దగ్గరికి.

అరవలేదు. అరిస్తే ఆగుతాడు. ఇలాంటి మంచు మీద కదిలేవాడికంటే ఆగినవాడికే ముప్పు. కొక్కేనికి ఉన్న మేకుల జత మెడలో వేసుకుని, గోడకి ఆనించిన గునపం పట్టుకుని వాళ్ల వెనక నడిచాను. ఒడ్డు దాటాక గునపంతో పొడిచాను, ఆగింది. ఇంకొంచెం వెళ్లి పొడిచాను, ఆగింది. కొమ్మల వరస సగానికి ఇవతల ఒక చోట పొడిస్తే ఒక్క దెబ్బకే దిగిపోయింది, రంధ్రంలోంచి నీళ్లు బుడబుడమని పైకొచ్చి నా బూట్లు తడిపాయి. వాళ్ల స్లెడ్జి గీతలు సరిగ్గా ఆ పక్కనుంచే పోయాయి. ఇక ముందుకి వెళ్లడానికి లేదు. మోకాళ్ల మీద, తర్వాత పొట్ట మీద పడుకుని వెనక్కి పాకాను, కళ్లు మాత్రం ఎర్ర టోపీ మీదే. అది చిన్నదవుతూ, చిన్నదవుతూ వెళ్లింది. నాకు దేవుడి పేరు కూడా గుర్తు రాలేదు. టోపీ, టోపీ అని మాత్రమే అనుకున్నాను. అది అటు ఒడ్డు ఎక్కింది.

తడి బట్టలతోనే కారు తీసుకుని చుట్టూ తిరిగి వెళ్లాను. అత్తగారింట్లో పాలు పోసిన చేపల సూపు వాసన. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు.

"ఏమైందే నీకు, చెరువులోంచి లేచొచ్చినదానిలా ఉన్నావు," అంది మా అత్తగారు. "బూట్లు బయట విప్పు."

"అత్తయ్యా, మంచులో గునపం ఒక్క దెబ్బకి దిగింది."

"వచ్చారు కదా అమ్మాయ్. ఇదిగో, వచ్చి సూపు తాగుతున్నారు. నీకు ఊరికే గాభరా."

నేను యార్నో ఎదురుగా నిలబడ్డాను. "గునపం ఒక్క దెబ్బకి దిగింది."

"తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"కాలికింద తెలిసింది. మెత్తగా ఊగింది. పిహ్లా పాట పాడుతోంది, ఆపాలనిపించలేదు." అతను అబద్ధం చెప్పడం లేదు, గొప్పలు పోవడం లేదు. ఎండ బాగుందని చెప్పినట్టు చెప్పాడు. "నేను చావాలనుకోవట్లేదు సల్లా. చావకూడదని కూడా అనుకోవట్లేదు, అంతే. నీకు భయం ఉంది కదా, ఇద్దరికీ అది చాలదూ."

"ముగ్గురం యార్నో. మనం ముగ్గురం."

మా అత్తగారు ఇంకా అర్థం కానట్టే చూస్తోంది. అప్పుడు పిహ్లా చెంచా పక్కన పెట్టి, నా తడి చెయ్యి పట్టుకుని ఓదార్చింది.

"అమ్మా, పడినా ఏం కాదు. కింద వెలుగు ఉంటుందంట. నాన్న చెప్పాడు. అక్కడ ఎవరూ తిట్టరంట."

మా అత్తగారు కొడుకు వైపు చాలాసేపు చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి మా వాడు మంచివాడయ్యాడని ఊరంతా చెప్పుకుని తిరిగిన మనిషి. లేచి, ఏప్రన్ మీదే కోటు వేసుకుని, వసారాలోంచి పొడుగు చీపురు కర్ర తీసుకుని బయటికి వెళ్లింది. కిటికీలోంచి చూస్తే, డెబ్బై దాటిన ఆవిడ ఒడ్డు దగ్గర పొట్ట మీద పడుకుని, కర్రతో అందినంత మేర కొమ్మలు లాగి పడేస్తోంది. గొణుక్కుంటూనే ఉంది. యార్నో వెళ్లి సాయం చేయబోతే, "నువ్వు అక్కడే నిలబడు. అడుగు వేశావంటే చీపురుతో కొడతా" అంది. అతను నిలబడ్డాడు. చిన్నప్పుడు కూడా అలాగే నిలబడేవాడేమో.

నేను ఓర్వోకి ఫోను చేశాను. మా ఇంటి వైపు కొమ్మలు అతను పీకాడు, నిచ్చెన పరుచుకుని, తుంటి నొప్పితో తిట్టుకుంటూ. మర్నాడు కొట్టులో ఎవరూ నవ్వలేదట. కొట్టామె స్కూలుకి ఫోను చేసి, పిల్లల్ని స్కూలు బస్సులో పంపమని చెప్పిందట.

ఇంటికి వచ్చాక నేను సంచి సర్దాను. యార్నో తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"అక్క దగ్గరికి వెళ్తున్నాం. మంచు పూర్తిగా పోయేదాకా."

"మంచిది. అక్కడ పార్కు కూడా ఉంది."

"వెళ్లొద్దని అనవా?"

"నీకు అక్కడ నిద్ర పడుతుంది కదా."

"యార్నో, ఒక్కసారి వద్దు అను. నువ్వు వెళ్తే నేనేమైపోతాను అను. ఉత్తినే అయినా సరే."

అతను నిజంగానే ప్రయత్నించాడు. నోరు తెరిచాడు, నా మొహంలో ఏదో వెతుక్కున్నాడు. తర్వాత దగ్గరికి వచ్చి, నా కోటు గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంటే విప్పి సరిగ్గా పెట్టాడు. "నాకు ఆ భయం ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదు సల్లా," అన్నాడు. "వెతుకుతున్నాను. నువ్వు నమ్మవు గానీ రోజూ వెతుకుతున్నాను."

నమ్మాను. అయినా పిల్లని కారులో కూర్చోబెట్టాను.

ఇప్పుడు అక్క ఇంట్లో, మూడో అంతస్తులో ఉన్నాం. కిటికీలకి గొళ్లేలు ఉన్నాయి, అయినా రోజూ చూసుకుంటాను. పిహ్లా ఇక్కడ రోడ్డు దాటేటప్పుడు చెయ్యి విదిలించుకుంటుంది. "కారు గుద్దితే నొప్పి, చాలా నొప్పి, అమ్మ ఏడుస్తుంది" అని దానికి రోజూ చెప్తున్నాను. పిల్లకి భయం నేర్పే తల్లిని ఎక్కడైనా చూశారా. అది మొన్న మెట్ల దగ్గర ఆగి, నా చెయ్యి కోసం వెనక్కి చూసింది.

యార్నోకి ఫోను చేస్తే తీయడు, దాన్ని సొరుగులో పెట్టి మర్చిపోతాడు. ఓర్వో తుంటికి ఆపరేషనని ఆసుపత్రిలో ఉన్నాడు. మా అత్తగారు అటు ఒడ్డున ఉంది, స్కూలు బస్సు తప్ప ఇంకో బస్సు లేదు, ఆవిడకి కారు నడపడం రాదు. సరస్సు ఇంకా పూర్తిగా కరగలేదు.

అందుకని మీలో ఎవరికైనా ఈ వారం మా వైపు పని పడితే, పెద్ద రోడ్డు దిగాక ఒకప్పుడు పాలక్యాన్లు పెట్టిన పాత అరుగు దగ్గర ఎడమకి తిరగండి. చివరి ఎర్ర ఇల్లు మాది. తలుపు కొట్టండి. కాఫీ పెడతాడు, బాగా పెడతాడు. ఎలా ఉన్నావని అడక్కండి, బాగున్నానంటాడు, అది నిజం కూడా. ఏదన్నా పని చెప్పండి. మీ కారులో ఏదో చప్పుడు వస్తోందనండి, రేపు వచ్చి చూస్తానని ఒప్పించండి. రేపు అనే మాట అతని నోటితో అనిపించండి. అన్నాడో లేదో నాకు చెప్పక్కర్లేదు. ఒక్కసారి వెళ్లి చూసి రండి.